నాబ్ వెనక తలుపు: గ్యాస్ స్టవ్ వాల్వ్ మార్చడం గురించి ఒక పాఠం

ఫస్టియర్ వర్క్‌షాప్‌లో మనమందరం ఆకురాయి పట్టుకుని ఇనప ముక్కని గంటలకొద్దీ రాకాం. 'వి' ఫిట్టింగ్ సరిగ్గా కూర్చోక, రికార్డులో సంతకం కోసం సార్ చుట్టూ తిరిగాం. అయినా ఇంట్లో రోజుకి పదిసార్లు తిప్పే గ్యాస్ స్టవ్ నాబ్ వెనక ఏముందని మా క్లాసులో ఎవర్నడిగినా ఒకటే జవాబు: "ఏదో వాల్వ్ ఉంటుంది."

ఈ వ్యాసం ఆ 'ఏదో' గురించి. పోయిన వేసవి సెలవుల్లో తెనాలిలో మా నాయనమ్మ స్టవ్‌కి వాల్వ్ మార్చే పనిలో నేను పక్కన కూర్చుని చూశాను, కొంత నా చేత్తో చేశాను. అది ఎలా పనిచేస్తుంది, ఎందుకు చెడిపోతుంది, మార్చేటప్పుడు ఏ పని తర్వాత ఏ పని, అన్నిటికంటే ముఖ్యంగా మార్చాక బాగుందో లేదో ఎలా తేల్చుకోవాలి, ఇవన్నీ వరసగా చెప్తాను. సీఎస్ఈ వాళ్ళకి ఇదెందుకు అనుకోకండి. రేపు ఉద్యోగం వచ్చి నలుగురం కలిసి ఫ్లాట్ తీసుకుంటే, ఆ వంటింటి స్టవ్ మన బాధ్యతే.

ముందు మాటల సంగతి

నేను మొదట్నించీ ఇంగ్లిష్ మీడియం. 'కవాటం' అనే మాట మొదటిసారి విన్నది మా బాబాయి కూతురు తెలుగు మీడియం సైన్సులో గుండె పాఠం పైకి చదువుతుంటే. గుండెలో రక్తం వెనక్కి రాకుండా ఆపేవి కవాటాలు. నిఘంటువు తీసి చూస్తే కవాటం అంటే తలుపు అని ఉంది. నాకు భలే నచ్చింది. వాల్వ్ అంటే నిజంగా తలుపే కదా: తెరిస్తే వెళ్తుంది, మూస్తే ఆగుతుంది, ఓరగా తీస్తే కొంచెం వెళ్తుంది.

కానీ కొట్టుకెళ్ళి "కవాటం ఇవ్వండి" అంటే ఎవరికీ అర్థం కాదు. అక్కడ దాని పేరు 'గ్యాస్ కాక్', లేదా ఊరికే 'వాల్వ్'. అందుకని ఈ వ్యాసంలో కూడా కొట్టు మాటలే వాడుతున్నాను: కాక్, నాబ్, నాజిల్ (కొందరు జెట్ అంటారు), మిక్సింగ్ ట్యూబ్, బర్నర్.

గ్యాస్ వచ్చే దారి

సిలిండర్‌లో ఉన్నది ద్రవం. ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన ఎల్పీజీ. ఇంటి సిలిండర్‌లో 14.2 కిలోలు పడుతుంది. ద్రవం వాయువుగా మారితే సుమారు 250 రెట్లు జాగా తీసుకుంటుంది, అందుకే అంత చిన్న సిలిండర్ నెలకి పైగా వస్తుంది.

సిలిండర్ లోపల పీడనం వాతావరణ పీడనానికి చాలా రెట్లు. రెగ్యులేటర్ దాన్ని తగ్గించి బయటికి సుమారు 3 కిలోపాస్కల్స్ మాత్రమే వదుల్తుంది. ఇది ఎంత తక్కువో ఊహించడానికి ఒక తేలిక లెక్క ఉంది. మన 30 సెంటీమీటర్ల స్కేలు నిలబెట్టి, అంత ఎత్తున నీళ్ళు పోస్తే అడుగున ఎంత ఒత్తిడి ఉంటుందో అంతే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, సబ్బు పరీక్ష దగ్గర పనికొస్తుంది.

రెగ్యులేటర్ నుంచి రబ్బరు ట్యూబు, అక్కణ్ణుంచి స్టవ్ లోపల అడ్డంగా ఉన్న ఇనప పైపు. ఆ పైపుకి ఒక్కో బర్నర్‌కి ఒక్కో కాక్ చొప్పున బిగించి ఉంటాయి. కాక్ చివర నాజిల్ ఉంటుంది, దానికి సూదిమొనంత బెజ్జం. గ్యాస్ అందులోంచి వేగంగా దూసుకుపోతూ చుట్టూ ఉన్న గాలిని కూడా మిక్సింగ్ ట్యూబులోకి లాక్కుపోతుంది. రెండూ కలిసి బర్నర్ రంధ్రాల్లోంచి బయటికొస్తే అక్కడ మంట. నీలంగా మండితే గాలి సరిపోయినట్టు, పసుపుగా మండి గిన్నె అడుగు మసిబారితే గాలి చాలనట్టు.

కాక్ లోపల

మా నాయనమ్మ స్టవ్‌లో ఉన్నది చాలా ఇళ్ళలో కనిపించే పాతరకం కాక్. ఇత్తడి ఒంట్లో కోసుగా, అంటే ఒకవైపు సన్నగా ఇంకోవైపు లావుగా, ఒక గుంట తొలిచి ఉంటుంది. సరిగ్గా అదే కొలతలో చెక్కిన ఇత్తడి బిరడా అందులో కూర్చుంటుంది. బిరడాకి పక్కన బెజ్జం ఉంటుంది. ఆ బెజ్జం ఒంట్లోని దారికి ఎదురుగా వస్తే గ్యాస్ వెళ్తుంది. పక్కకి తిరిగితే గోడ అడ్డం పడుతుంది. నాబ్ ఇంకా తిప్పితే పెద్ద బెజ్జం తప్పుకుని చిన్న బెజ్జం ఎదురుగా వస్తుంది, అదే 'సిమ్'.

నాబ్‌ని లోపలికి నొక్కితేనే ఎందుకు తిరుగుతుందో తెలుసా? స్పిండిల్‌కి ఒక చిన్న పిన్ను ఉంటుంది. ఆఫ్‌లో ఉన్నప్పుడు అది ఒక గాడిలో ఇరుక్కుని ఉంటుంది. నొక్కితే గాడిలోంచి బయటపడి తిరుగుతుంది. చీర కొంగు తగిలో, చిన్నపిల్లలు లాగో పొరపాటున తెరుచుకోకుండా పెట్టిన ఏర్పాటు అది. మన భాషలో చెప్పాలంటే డిలీట్ నొక్కగానే "నిజంగానా?" అని అడిగే డబ్బా లాంటిది.

ఇప్పుడు అసలు విషయం. ఇత్తడి మీద ఇత్తడి ఎంత నున్నగా చెక్కినా మధ్యలో సన్నటి సందు మిగుల్తుంది. ఆ సందుని మూసేది గ్రీజు. వేడికి కరిగిపోని ప్రత్యేకమైన గ్రీజు పల్చటి పొరగా ఉంటుంది. అది కాక్ తేలిగ్గా తిరగడానికే కాదు, గ్యాస్ బయటికి రాకుండా ఆపడానికి కూడా. వెనక ఒక స్ప్రింగు బిరడాని ఎప్పుడూ గుంటలోకి నొక్కుతూ ఉంటుంది.

ఏళ్ళు గడిచేకొద్దీ వేడికి గ్రీజు ఎండిపోతుంది. పొంగిన పాలు, పులుసు, నూనె నాబ్ సందుల్లోంచి దిగి గట్టిపడతాయి. నాబ్ బిగుసుకుంటుంది. మనం బలంగా తిప్పుతాం. ఎండిన మట్టి, ఇత్తడి ఒకదాన్నొకటి రాసుకుని గీతలు పడతాయి. ఆ గీతలే గ్యాస్‌కి కొత్త దారులు.

చెడింది కాక్ అని ఎలా తెలుస్తుంది?

అన్ని జబ్బులూ కాక్‌వి కావు. మార్చేముందు ఇది తేల్చుకోవాలి.

మంట సన్నగా వస్తూ, నాబ్ మాత్రం తేలిగ్గా తిరుగుతుంటే చాలాసార్లు నాజిల్‌లో మట్టి. మంట ఒకవైపే వస్తుంటే బర్నర్ రంధ్రాలు పూడాయి. పసుపు మంటైతే గాలి దారి చూడాలి. అన్ని బర్నర్లూ ఒకేసారి నీరసంగా మండితే సిలిండర్ అయిపోవచ్చిందేమో, రెగ్యులేటరో ట్యూబో చూడాలి.

కాక్ జబ్బుల గుర్తులు వేరు. నాబ్ బిగుసుకుపోవడం. లేదా అస్సలు పట్టు లేకుండా వదులుగా తిరగడం. ఆఫ్ చేశాక కూడా బర్నర్ మీద చిన్న నీలి చుక్కలు మిగలడం. సిమ్‌లో పెడితే ఆరిపోవడం. నాబ్ మొదట్లో గ్యాస్ వాసన. ఈ చివరిది, ఆఫ్ చేశాక మంట మిగలడం, ఈ రెండూ కనిపిస్తే ఇక ఆ స్టవ్ మీద వంట ఆపెయ్యాలి.

వాసన తెలియని ఇంట్లో

ఎల్పీజీకి సొంతంగా చెప్పుకోదగ్గ వాసన లేదు. లీకైతే తెలియాలని ఇథైల్ మెర్‌కాప్టాన్ అనే రసాయనం కొంచెం కలుపుతారు. కుళ్ళిన ఉల్లిపాయలాంటి ఆ వాసన దానిదే. అంటే మన వంటింటి భద్రత మొత్తం ఒక సెన్సార్ మీద నడుస్తోంది: మన ముక్కు.

మా నాయనమ్మకి 2021లో కరోనా వచ్చి తగ్గింది. వాసన మాత్రం తిరిగి రాలేదు. పోపు మాడినా కళ్ళతో చూసే తెలుసుకుంటుంది. ఒక్కతే ఉంటుంది. నేను బ్యాగు దించి వంటింట్లోకి వెళ్ళగానే నాకు వాసన తగిలింది. "నాకేం రావట్లేదే" అంది. ఎడమ నాబ్ బిగుసుకుపోయిందని, ప్లాస్టిక్ నాబ్ పీకేసి స్పిండిల్‌ని పట్టకారుతో తిప్పుతోందట, నెలల నుంచి. పక్కింటి పిన్నిగారు "వాసనొస్తే అప్పుడు చూద్దాంలెండి" అన్నారట. ఆ ఇంట్లో ఆ మాటకి అర్థమే లేదు.

ఆ రాత్రి నేను ఒక లెక్క వేశాను. ఎల్పీజీ గాల్లో సుమారు 2 శాతం నుంచి 9 శాతం మధ్య ఉంటే అంటుకుంటుంది. వంటిల్లు 3 మీటర్ల పొడవు, రెండున్నర వెడల్పు, 3 మీటర్ల ఎత్తు అనుకుందాం. గాలి సుమారు 22 ఘనపు మీటర్లు. అందులో 2 శాతం అంటే దాదాపు కిలో గ్యాస్. కిలో అంటే చాలానే కదా అనిపించింది. కానీ ఎల్పీజీ గదంతా సమానంగా పరుచుకోదు. గాలి సగటు అణుభారం 29, ప్రొపేన్‌ది 44, బ్యూటేన్‌ది 58. అంటే గాలికంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. కిందికి దిగి నేలమీద నీళ్ళలా పరుచుకుంటుంది. కింది 30 సెంటీమీటర్ల పొర మాత్రమే లెక్కేస్తే 100 గ్రాములు చాలు. ఫ్రిజ్ మోటారు ఉండేది ఆ ఎత్తులోనే.

లెక్క అయ్యాక లేచి వెళ్ళి రెగ్యులేటర్ ఆపి వచ్చాను. అది అప్పటిదాకా రాత్రింబవళ్ళు తెరిచే ఉండేది.

గ్రీజా, కొత్తదా?

పొద్దున్నే స్టవ్ రిపేరు బాబాయ్‌ని పిలిచాం. ఆ వీధుల్లో సైకిల్ మీద "స్టవ్ రిపేర్, కుక్కర్ రిపేర్" అంటూ ఎన్నో ఏళ్ళుగా తిరుగుతున్నాడు. నాయనమ్మ ముందే బేరం పెట్టింది: "కాస్త గ్రీజు పూసి ఇచ్చెయ్ నాయనా. కుడి పొయ్యి మీద కానిచ్చేస్తున్నాగా."

మామూలుగా బిగుసుకున్న కాక్‌కి అది సరైన వైద్యమే. బిరడా బయటికి తీసి, కిరసనాయిల్‌తో పాత గ్రీజు తుడిచి, కొత్తది పల్చగా, బెజ్జాలు మూసుకుపోకుండా పూసి పెడితే మళ్ళీ చాలాకాలం పనిచేస్తుంది. కానీ ఆయన బిరడా తీసి వెలుతురులో తిప్పుతూ నాకు చూపించాడు. గోరు పెడితే తగిలేంత గీతలు. పట్టకారుతో పక్కకి లాగినందుకు స్పిండిల్ కూడా కొంచెం వంగింది.

"గ్రీజు పూస్తే ఇవాళ ఆగుద్దమ్మా. మూడు నెలలకి మళ్ళీ కారుద్ది. వాసన తెలిసేవాళ్ళైతే అప్పుడు పిలుస్తారు. ఇక్కడ అట్టా కుదరదుగా" అన్నాడు.

నాకు ఈ మొత్తం పనిలో గట్టిగా గుర్తుండిపోయిన మాట అదే. రిపేరు ఎంతవరకు చాలు అన్నది వస్తువుని చూసి మాత్రమే తేల్చేది కాదు, వాడేవాళ్ళని కూడా చూసి తేల్చేది. నాయనమ్మ ఇంకేం మాట్లాడలేదు. డబ్బాలోంచి డబ్బులు తీసింది.

కొనేటప్పుడు

పాత కాక్ చేతిలో పట్టుకుని కొట్టుకి వెళ్ళాలి. ఫోటో చాలదు. చూడాల్సినవి: పైపుకి బిగించే చోట మరలా, లేక స్క్రూలతో పట్టే రకమా; స్పిండిల్ పొడవు; స్పిండిల్ కొస కోత ఎటు ఉంది (లేకపోతే నాబ్ కూర్చోదు, కూర్చున్నా ఆఫ్ గుర్తు తప్పు చోట చూపిస్తుంది); నాజిల్ పట్టే మర. ఇంటి గ్యాస్ స్టవ్‌లకి ఐఎస్ 4246 అనే ప్రమాణం ఉంది, స్టవ్ మీద ఐఎస్ఐ గుర్తు దాని గురించే. విడిభాగం కూడా స్టవ్ కంపెనీదో, నమ్మకమైన కొట్టుదో తీసుకోవాలి. దాంతోపాటు కొత్త రబ్బరు వాషర్ తప్పనిసరి. పాత వాషర్ ఎంత బాగా కనిపించినా అది పాత కాక్ ఆకారానికి అణిగిపోయి ఉంటుంది.

విప్పడం

వరస ఇది. అన్ని నాబ్‌లూ ఆఫ్. రెగ్యులేటర్ ఆఫ్. తర్వాత బాగున్న బర్నర్ ఒకటి వెలిగించి ట్యూబులో మిగిలిన గ్యాస్ మండిపోనివ్వాలి, మంట దానంతట అదే ఆరుతుంది. నాబ్ మూసి, రెగ్యులేటర్ పీకి, సిలిండర్‌కి మూత పెట్టి దూరంగా జరపాలి. కిటికీలు, తలుపులు తెరవాలి. గదిలో గ్యాస్ వాసన ముందే ఉంటే ఏ స్విచ్చీ ముట్టుకోకూడదు, వెయ్యడమూ వద్దు, ఆపడమూ వద్దు. రెండిట్లోనూ నిప్పురవ్వ పుడుతుంది.

స్టవ్ నుంచి ట్యూబు లాగేసి, గిన్నె స్టాండ్లు, బర్నర్లు, కింది ప్లేట్లు తీసి, పాత దుప్పటి పరిచి స్టవ్‌ని బోర్లా తిప్పాలి. గాజు పైభాగం ఉన్నదైతే ఇంకా మెత్తగా పరవాలి. ఇక్కడ ఫోన్ తీసి అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీశాను. బాబాయ్ నవ్వాడు కానీ, మిక్సింగ్ ట్యూబు మీది గాలి రేకు ఎంత తెరిచి ఉందో మళ్ళీ పెట్టేటప్పుడు ఆ ఫోటోనే చూశాం.

మిక్సింగ్ ట్యూబు స్క్రూ విప్పి పక్కకి తియ్యాలి. తర్వాత నాజిల్. ఒక పానాతో కాక్‌ని కదలకుండా పట్టుకుని, ఇంకో పానాతో నాజిల్ విప్పాలి. ఒక్క పానాతో లాగితే ఆ బలం మొత్తం పైపు మీద పడి పక్క కాక్ జాయింటు కూడా కదులుతుంది. పెద్ద బర్నర్ నాజిల్ బెజ్జం పెద్దది, చిన్నదానిది చిన్నది. రెండూ ఒకేసారి విప్పి పళ్ళెంలో పడేస్తే తర్వాత ఏది దేనిదో తెలియదు. చివరికి కాక్ పైపు నుంచి ఊడుతుంది. పైపు మీద అంటుకున్న పాత వాషర్ ముక్కలు గుడ్డతో పూర్తిగా తుడవాలి. తుడిచే తుక్కు పైపు బెజ్జంలోకి పోకుండా చూడాలి, పోతే అది నేరుగా కొత్త కాక్‌లోకి చేరుతుంది.

బిగించడం

కొత్త వాషర్, కొత్త కాక్. మొదటి మరలన్నీ చేత్తోనే తిప్పాలి. చేత్తో తేలిగ్గా ఎక్కకపోతే అడ్డంగా ఎక్కుతోందని అర్థం, వెనక్కి తీసి మళ్ళీ మొదలుపెట్టాలి. చేత్తో ఆగిన తర్వాతే పానా. ఇత్తడి మెత్తని లోహం, బలం చూపిస్తే మర పోతుంది. స్క్రూల రకమైతే రెండు స్క్రూలనీ కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించాలి, అప్పుడే వాషర్ సమానంగా అణుగుతుంది.

ఇక్కడ రెండు పనులు చెయ్యకూడదు. నీళ్ళ కొళాయికి చుట్టే తెల్ల టేపు, పైపు పగుళ్ళకి పూసే ఎంసీల్, ఇవి వాషర్‌కి బదులు కావు. రెండోది, నాజిల్ బెజ్జం పెద్దది చెయ్యడం. సూదితో కెలికితే మంట పెరుగుతుంది నిజమే, కానీ గాలి చాలక మసి, విషవాయువు కూడా పెరుగుతాయి.

నాజిల్ బిగించి, మిక్సింగ్ ట్యూబు దాని ఎదురుగా తిన్నగా పెట్టి, స్పిండిల్ ముందు రేకు బెజ్జం మధ్యలో ఉందో లేదో చూసుకోవాలి. ఒక పక్కకి ఆనుకుంటే మళ్ళీ నాబ్ బిగుస్తుంది.

సబ్బు పరీక్ష

కోడ్ రాసి కంపైల్ అయితే అయిపోయినట్టు కాదని మనకి తెలుసు. ఇక్కడ కూడా అంతే, టెస్ట్ చెయ్యని జాయింటు పని పూర్తికాని జాయింటే. కొందరు అగ్గిపుల్ల వెలిగించి జాయింటు దగ్గర పెట్టి చూస్తారు. ఎంత అనుభవం ఉన్నవాళ్ళు చేసినా అది తప్పే. ఆ పరీక్షలో ఫెయిలైతే వచ్చే జవాబు మంట.

సబ్బు నీళ్ళు బాగా నురుగొచ్చేలా కలపాలి. ట్యూబు తగిలించి, రెగ్యులేటర్ తెరిచి, నాబ్‌లు మూసి ఉంచి, ప్రతి జాయింటు మీదా బ్రష్‌తో నురుగు పూయాలి. ఒక నిమిషం కదలకుండా చూడాలి. ఇందాక చెప్పాను కదా, పీడనం 30 సెంటీమీటర్ల నీళ్ళంతే అని. అందుకే చిన్న లీకు బుస్సుమని చప్పుడు చెయ్యదు. బుడగ మెల్లగా, ఓపిగ్గా ఉబ్బుతుంది. తొందరపడేవాళ్ళకి కనిపించదు.

తర్వాత రెండో భాగం. మూసి ఉన్నప్పుడు బాగున్న కాక్ తెరిచినప్పుడు స్పిండిల్ పక్కనుంచి కారొచ్చు. అందుకని స్టవ్‌ని మామూలుగా నిలబెట్టి, నాబ్ తీసి, బర్నర్ వెలిగించి, స్పిండిల్ మొదట్లో నురుగు పెట్టి చూశాం. బుడగ లేదు. సిమ్‌లో పెట్టి కిటికీ తలుపు ఒకసారి వేసి తీశాం. మంట ఊగింది, ఆరలేదు. ఆఫ్ చేస్తే వెంటనే ఆరింది, నీలి చుక్కలు మిగల్లేదు. అప్పుడు బాబాయ్ పానాలు సంచిలో వేసుకున్నాడు.

ఎవరు చెయ్యాలి?

ఈ వ్యాసం చదివి రేపే పానా పట్టుకోమని నేను చెప్పట్లేదు. గ్యాస్ ఏజెన్సీ మెకానిక్‌నో, పని తెలిసిన మనిషినో పిలవండి. పైపు గ్యాస్ ఉన్న ఇళ్ళలో అయితే ఆ కంపెనీకే చెప్పాలి. దాని నాజిల్ కొలతలే వేరు, సిలిండర్ స్టవ్ నాజిల్ అందులో పనికిరాదు. కానీ పని తెలిసిన చదువరి పక్కన ఉంటే మెకానిక్ కూడా జాగ్రత్తగా చేస్తాడు. "వాషర్ కొత్తదేనా?", "సబ్బు పెట్టి చూద్దామా?" ఈ రెండు ప్రశ్నలు అడగడానికి డిగ్రీ అక్కర్లేదు.

ఎవరికి వాళ్ళు చెయ్యాల్సింది మాత్రం ఉంది. రాత్రి పడుకునేముందు రెగ్యులేటర్ ఆపడం. రబ్బరు ట్యూబు మీద అచ్చేసిన తేదీ చూసి, ఐదేళ్ళు దాటితే మార్చడం. నెలకోసారి సబ్బు పరీక్ష. ఇప్పుడు నాయనమ్మ ప్రతి నెలా ఒకటో తారీఖున చేస్తోంది, క్యాలెండర్‌లో పాల లెక్క పక్కన టిక్కు పెడుతుంది. ముక్కు చెయ్యలేని పని కళ్ళు చేస్తున్నాయి.

లీకు అనుమానం వస్తే ఫోన్ చెయ్యాల్సిన నంబరు 1906. రోజంతా పనిచేసే ఎల్పీజీ అత్యవసర నంబరు అది. ఫోన్ కూడా ఇంటి బయటికి వచ్చాకే చెయ్యాలి. ఇప్పుడే సేవ్ చేసుకోండి. ఈసారి పండక్కి ఇంటికెళ్ళినప్పుడు వంటింట్లోకి వెళ్ళి ఒక్కో నాబ్ నొక్కి తిప్పి చూడండి. బిగుసుకుందా, వదులుగా ఉందా, ఆఫ్ చేస్తే వెంటనే ఆరుతోందా? అలాగే ఆ ఇంట్లో వాసన సరిగ్గా తెలియని పెద్దవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో కూడా అడగండి. ఈ రెండో ప్రశ్న మనం ఎప్పుడూ అడగం.